బొగ్గు మండిన కాలం

జీవం పుట్టిన తర్వాత భూమ్మీద అది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయే అంచుదాకా వచ్చిన సందర్భం ఒకటుంది. 25 కోట్ల 19 లక్షల ఏళ్ల కిందటి మాట అది. డైనోసార్లు ఇంకా పుట్టలేదు. ఖండాలన్నీ కలిసి పాంజియా అనే ఒకే మహాఖండంగా ఉన్నాయి. సముద్రం అడుగున పగడాలు, కాడల మీద పువ్వుల్లా నిలబడే సముద్ర లిల్లీలు, రెండు చిప్పల మధ్య ఒదిగి బతికే బ్రాకియోపాడ్లు కిక్కిరిసి ఉండేవి. నేలమీద మన క్షీరదాలకు దూరపు బంధువులైన జంతువులు మేస్తూ, వాటిని వేటాడే గోర్గనాప్సియన్లు కోరలతో తిరుగుతూ ఉండేవి.

భూమి వయసుతో పోలిస్తే లెక్కలోకే రానంత తక్కువ కాలంలో ఈ లోకమంతా కూలిపోయింది. సముద్రజీవుల్లో నూటికి 80కి పైగా జాతులు అంతరించాయి. కొందరి అంచనా 96 దాకా వెళ్తుంది. సుమారు 27 కోట్ల ఏళ్ల పాటు సముద్రాల్లో బతికిన ట్రైలోబైట్ల వంశం అక్కడితో ముగిసింది. ఆనాటి పగడాల రకాలేవీ మిగల్లేదు. నేలమీద జంతువులూ, అడవులూ, చివరికి కీటకాలూ పెద్దఎత్తున పోయాయి.

జాతుల్లో నాలుగింట మూడు వంతులో అంతకు పైనో తక్కువ కాలంలో అంతరించిపోతే దాన్ని మహావినాశనం అంటున్నాం. గత 54 కోట్ల ఏళ్లలో శాస్త్రవేత్తలు ప్రధానంగా లెక్కించేవి అలాంటివి ఐదు. వాటిలో పర్మియన్ యుగానికి ముగింపు పలికిన ఈ వినాశనమే అన్నిటికంటే పెద్దది. వాతావరణానికీ జీవజాతుల మనుగడకూ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి దీన్ని మించిన పాఠం లేదు. ఆకాశం నుంచి ఏదీ వచ్చి పడకుండానే, రాళ్లలో కోట్ల ఏళ్లుగా నిద్రపోతున్న కర్బనం గాలిలోకి రావడం వల్ల జరిగిన వినాశనం ఇది.

మెయ్‌షాన్ రాళ్లు చెప్పిన తేదీ

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో మెయ్‌షాన్ అనే చోట సున్నపురాయి తవ్వి తీసిన క్వారీలున్నాయి. అక్కడి రాతిగోడలో పర్మియన్ యుగమూ, దాని తర్వాతి ట్రయాసిక్ యుగమూ ఒకదానిమీద ఒకటి పొరలు పొరలుగా కనిపిస్తాయి. కింది పొరల నిండా రకరకాల శిలాజాలుంటాయి. కొన్ని సెంటీమీటర్లు పైకి వచ్చేసరికి వాటిలో చాలావాటి జాడ ఉండదు. 2001లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంస్థలు ఈ రెండు యుగాల మధ్య సరిహద్దుకు ఈ గోడనే అధికారిక కొలబద్దగా ప్రకటించాయి. ఆ గౌరవానికి పోటీపడిన చోట్లలో మన దేశంలోదీ ఒకటుంది, కాశ్మీరులో శ్రీనగర్ దగ్గరి గుర్యుల్ లోయ.

మెయ్‌షాన్ పొరల మధ్య మధ్య అగ్నిపర్వతాల బూడిద కూడా ఉంది. ఆ బూడిదలో జిర్కాన్ అనే అతి చిన్న స్ఫటికాలు దొరుకుతాయి. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ తర్వాత యురేనియం నిలకడైన వేగంతో సీసంగా మారుతూ పోతుంది. కాబట్టి స్ఫటికంలో ఇప్పుడు రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే అది పుట్టిన తేదీ తెలుస్తుంది. సేత్ బర్జెస్, శామ్యూల్ బౌరింగ్, షెన్ షుజోంగ్ 2014లో ఈ పద్ధతిలోనే వినాశనం ఎంతకాలం సాగిందో లెక్కగట్టారు. సుమారు 60 వేల ఏళ్లు అని తేలింది. కొలతలోని హెచ్చుతగ్గులు చూస్తే అంతకంటే చాలా తక్కువ కూడా అయి ఉండొచ్చు.

ఆ రాళ్లలోనే ఇంకో ఆధారం ఉంది. ప్రకృతిలో కర్బనం ఎక్కువగా రెండు రూపాల్లో (ఐసోటోపుల్లో) ఉంటుంది, తేలికైన కార్బన్-12, కాస్త బరువైన కార్బన్-13. మొక్కలు కిరణజన్యసంయోగక్రియలో తేలికదాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. మొక్కల నుంచి పుట్టిన బొగ్గులోనూ, సూక్ష్మజీవుల అవశేషాల నుంచి పుట్టిన చమురులోనూ అదే ఎక్కువ. వినాశనం జరిగిన పొరల దగ్గర సున్నపురాతిలో కార్బన్-13 వాటా హఠాత్తుగా పడిపోయింది. చైనాలోనే కాదు, ప్రపంచంలో ఆ కాలపు రాళ్లు దొరికిన చోటల్లా ఇదే కనిపిస్తుంది. అంటే ఎక్కడి నుంచో తేలిక కర్బనం విపరీతంగా వచ్చి గాలిలోనూ సముద్రంలోనూ కలిసింది. ఎక్కడి నుంచి వచ్చింది?

లావా దారిలో బొగ్గు

సమాధానం సైబీరియాలో దొరికింది. అక్కడ లక్షల చదరపు కిలోమీటర్ల మేర నేలంతా ఘనీభవించిన లావా పరుచుకుని ఉంది. పుతొరానా పీఠభూమిలో ఆ పొరలు మెట్లు మెట్లుగా కిలోమీటరుకు పైగా ఎత్తు లేచాయి. వీటిని సైబీరియన్ ట్రాప్స్ అంటారు. పైకి ఉబికిన, నేలలోపలే గడ్డకట్టిన శిలాద్రవం మొత్తం 30 లక్షల ఘనకిలోమీటర్లకు తక్కువ ఉండదని అంచనా. మనిషి చూసిన అగ్నిపర్వతాలేవీ దీని దరిదాపుల్లోకి రావు. పర్వతంలా ఒకచోట బద్దలవ్వకుండా, నేల పొడవాటి చీలికలుగా విడిపోయి, లక్షల ఏళ్లపాటు విడతలు విడతలుగా లావా పొంగింది.

అయితే లావా పారినంత మాత్రాన భూగోళం అవతలి పక్కనున్న పగడాలు చావవు. పైగా తేదీలు పరిశీలిస్తే ఒక చిక్కు ఎదురైంది. వినాశనం మొదలయ్యేనాటికే చాలా లావా పైకి వచ్చేసింది. మూడు లక్షల ఏళ్లుగా పొంగుతున్నా జీవజాతులు తట్టుకున్నాయి. తర్వాత ఒక దశలో హఠాత్తుగా కూలిపోయాయి. ఆ దశలో ఏం మారింది?

శిలాద్రవం దారి మారింది. పైన అప్పటికే గట్టిపడిన లావా మందంగా పేరుకుపోవడంతో కింది నుంచి వస్తున్న శిలాద్రవం నేరుగా పైకి రాలేక, భూమిలోపలి పొరల మధ్య అడ్డంగా పాకడం మొదలుపెట్టింది. బర్జెస్ బృందం కట్టిన తేదీల ప్రకారం ఇలా అడ్డంగా పాకిన శిలాద్రవపు పలకలు మొదట ఏర్పడిన సమయమూ, వినాశనం మొదలైన సమయమూ ఒకటే.

అది పాకిన చోటు తుంగుస్కా బేసిన్. అక్కడ నేలకింద మందపాటి బొగ్గు పొరలున్నాయి. కార్డయిటిస్ అనే చెట్ల అడవులు కోట్ల ఏళ్లు పెరిగి, చిత్తడిలో కూరుకుపోయి, బొగ్గుగా మారిన పొరలవి. వాటితో పాటు చమురు, సున్నపురాయి, ఉప్పు పొరలూ ఉన్నాయి. వెయ్యి డిగ్రీలు దాటిన శిలాద్రవం వాటి మధ్యకు చొచ్చుకుపోతే బొగ్గూ చమురూ ఉడికి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులు వచ్చాయి. ఉప్పు పొరల నుంచి క్లోరిన్ కలిసిన వాయువులు పుట్టాయి, ఇవి ఓజోన్ పొరను దెబ్బతీసేవి. నేలకింద ఒత్తిడి పెరిగి పెరిగి వందలచోట్ల భూమి పేలి, వాయువులన్నీ నిలువు గొట్టాల గుండా ఆకాశంలోకి ఎగజిమ్మాయి. కొన్ని గొట్టాల మూతి కిలోమీటరు వెడల్పు ఉంటుంది. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రిక్ స్వెన్సెన్ బృందం 2009లో ఈ గొట్టాల కథను వివరంగా ప్రకటించింది.

రెండేళ్ల తర్వాత కెనడా ఉత్తరాన ఆర్కిటిక్ దీవుల్లో స్టీఫెన్ గ్రాస్‌బీ బృందం మరో ఆధారం కనిపెట్టింది. వినాశనానికి కాస్త ముందు సముద్రం అడుగున చేరిన మట్టిలో నురగలా బుడగలుపడ్డ కర్బనపు రేణువులు దొరికాయి. మన థర్మల్ విద్యుత్ కేంద్రాల చిమ్నీల నుంచి వచ్చే ఫ్లై యాష్‌ను ఇవి అచ్చంగా పోలి ఉన్నాయి. మనిషి పుట్టడానికి 25 కోట్ల ఏళ్ల ముందే భూమి బొగ్గును మండించింది. ఆ బూడిద గాలికి కొట్టుకుపోయి మరో సముద్రంలో పడింది.

ఊపిరాడని సముద్రం

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పాళ్లు కొన్ని రెట్లు పెరిగాయి. 2021లో వెలువడిన ఒక అధ్యయనం పది లక్షల పాళ్లలో 400 చిల్లర నుంచి 2,500 దాకా పోయిందని లెక్కగట్టింది. భూమధ్యరేఖ ప్రాంతాల్లో సముద్రపు పైపొర సుమారు పది డిగ్రీలు వేడెక్కింది. ట్రయాసిక్ తొలినాళ్లలో అది ఒక దశలో 40 డిగ్రీల దాకా చేరిందని సున్ యాడాంగ్ బృందం 2012లో తేల్చింది. కొనోడాంట్లు అనే చిన్న సముద్రజీవుల దంతాల్లాంటి శిలాజాల్లో ఉన్న ఆక్సిజన్ ఐసోటోపులే వారికి ఉష్ణమాపకాలు. అంత వేడి నీళ్లలో చాలా చేపలు బతకలేవు. ఆ కాలపు ఉష్ణమండల రాళ్లలో చేపల శిలాజాలు అరుదు కావడం దీనితో సరిపోతోంది.

వేడితో చేయి కలిపి చంపింది ఆక్సిజన్ కొరత. నీళ్లు వేడెక్కితే వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో చల్లటి రక్తమున్న సముద్రజీవుల ఒంట్లో జీవక్రియల వేగం పెరుగుతుంది, కాబట్టి వాటికి మామూలుకంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అవసరం పెరిగి సరఫరా తగ్గే ఈ ఇరకాటంలో జీవి ఎటూ తప్పించుకోలేదు. పైపొర వేడెక్కి తేలికైతే అది కింది చల్లటి నీటితో కలవదు. అప్పుడు లోతుల్లోకి ఆక్సిజన్ దిగే దారి కూడా మూసుకుపోతుంది.

జస్టిన్ పెన్, కర్టిస్ డాయిచ్, వారి సహచరులు 2018లో పర్మియన్ చివరి సముద్రాన్ని కంప్యూటరులో నమూనాగా కట్టి చూశారు. సముద్రంలోని ఆక్సిజన్‌లో నాలుగింట మూడు వంతులు పోయినట్టు అది చూపింది. వేడి, ఆక్సిజన్ లేమి రెండూ కలిస్తేనే సముద్రజీవుల వినాశనంలో సగానికి పైగా వివరించవచ్చని తేలింది. ఆ నమూనా మరో విషయం ముందుగానే చెప్పింది. ఉష్ణమండలంలోని జీవులు వేడికి కొంత అలవాటుపడ్డవి, చల్లటి ప్రాంతాలవైపు జరిగే అవకాశమూ వాటికి ఉంది. ధ్రువాల దగ్గర బతికే వాటికి వెళ్లడానికి మరో చోటు లేదు. కాబట్టి నష్టం ధ్రువాల వైపే ఎక్కువగా ఉండాలి. శిలాజాల పట్టిక తీసి చూస్తే అలాగే ఉంది.

మూడో దెబ్బ ఆమ్లీకరణ. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బోనిక్ ఆమ్లం పుడుతుంది. సున్నంతో పెంకులు కట్టుకునే జీవులకు అది శత్రువు. హార్వర్డ్ శాస్త్రవేత్త ఆండ్రూ నోల్ బృందం చనిపోయిన జీవులనూ మిగిలినవాటినీ రెండు జాబితాలుగా విడదీసింది. ఒంట్లో చేరే కార్బన్ డయాక్సైడ్‌ను సర్దుబాటు చేసుకునే శక్తి లేని, బరువైన సున్నపు పెంకులున్న పగడాలు, బ్రాకియోపాడ్లు ఎక్కువగా పోయాయి. మెరుగైన మొప్పలు, రక్తప్రసరణ ఉన్న నత్తలు, ఆల్చిప్పలు కొంత ఎక్కువగా బయటపడ్డాయి. ఈరోజు భీమిలిలోనో సూర్యలంకలోనో పిల్లలు ఇసుకలో ఏరుకునేవి ఆల్చిప్పలూ గవ్వలూ కావడానికి ఆనాటి ఎంపిక ఒక ముఖ్య కారణం. పర్మియన్ తీరంలో అయితే వారి చేతికి ముందుగా బ్రాకియోపాడ్లే తగిలేవి.

గోదావరి లోయలో మిగిలిన జాడలు

ఈ కథలో తెలుగు నేలకు సొంత అధ్యాయం ఉంది. పర్మియన్ కాలంలో భారత భూభాగం దక్షిణార్ధగోళంలో, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలకు అంటుకుని ఉండేది. ఆ నేలలన్నిటా నాలుకలాంటి ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్ల అడవులు పెరిగాయి. ఇప్పటి ప్రాణహిత-గోదావరి లోయ అప్పట్లో కుంగుతూ ఉన్న పొడవైన పల్లం. అందులోని చిత్తడి నేలల్లో ఆ అడవులు తరతరాలుగా పడి, మట్టికింద నలిగి, బొగ్గయ్యాయి. 1871లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు అదే. 1889లో తవ్వకం మొదలైంది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం బొగ్గు బాయిల్లో తరాలుగా కార్మికులు చెమటోడ్చి పైకి తెచ్చినది పర్మియన్ సూర్యరశ్మి. పర్మియన్ చివర సైబీరియాలో శిలాద్రవం కాల్చిన బొగ్గుకు ఇది దాదాపు సమవయస్కురాలు. అక్కడి దాన్ని భూమి మండించింది, ఇక్కడి దాన్ని మనం మండిస్తున్నాం. ఈ బాయిలు నడిపే సింగరేణి సంస్థ ఇప్పుడు ఏటా దాదాపు 7 కోట్ల టన్నులు తవ్వుతోంది.

వినాశనానికి ముందు, తర్వాత నేలమీద జీవం ఎలా ఉండేదో కూడా ఈ లోయే చూపిస్తుంది. మంచిర్యాల జిల్లా కుందారం దగ్గరి పర్మియన్ రాళ్లలో ఎండోథియోడాన్ వంటి శాకాహారుల ఎముకలు దొరికాయి. పర్మియన్ అంతంతో ఆ లోకం పోయింది. గ్లోసోప్టెరిస్ అడవులూ పోయాయి. ఆ తర్వాత కోటి ఏళ్లపాటు ప్రపంచంలో ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గు ఏర్పడలేదు. బొగ్గుగా మారేటంత దట్టమైన చిత్తడి అడవి ఎక్కడా తిరిగి నిలదొక్కుకోలేదన్నమాట.

ఆ ఖాళీలో బతికి బట్టకట్టినవి కొన్నే. పందంత లిస్ట్రోసారస్ వాటిలో ముఖ్యమైనది. దాని ఎముకలు బెంగాల్లోని రాణీగంజ్ ప్రాంతంలోనూ, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా, చైనా, రష్యాల్లోనూ దొరికాయి. ఎక్కడ చూసినా ఒకటే రకం జంతువు మందలు మందలుగా కనిపించడం పేదరికానికి గుర్తు, వైవిధ్యం చచ్చిపోయిందనడానికి సాక్ష్యం. మళ్లీ రకరకాల జంతువులున్న సమాజం కనిపించేది మధ్య ట్రయాసిక్‌లో. మన ఎర్రపల్లి దగ్గరి ఎర్రమట్టి రాళ్లు అప్పటివే. అందులో కొత్త శాకాహారులు, మొసళ్లను పోలిన వేటజంతువులు, పెద్ద ఉభయచరాలు ఉన్నాయి. దానిపైన మలేరి రాళ్లలో తొలి డైనోసార్ల జాడలు, ఇంకా పైన కోటా రాళ్లలో భారీ శాకాహార డైనోసార్లు వస్తాయి. యమన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. దాన్ని చూసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. సముద్రంలో పగడపు దిబ్బలు తిరిగి లేవడానికీ, నేలమీద జీవవైవిధ్యం కోలుకోవడానికీ సుమారు కోటి ఏళ్లు పట్టాయి. మనిషి జాతి పుట్టి ఇప్పటికి అయిన కాలం మూడు లక్షల ఏళ్లే.

మిగతా నాలుగు

మహావినాశనాలన్నిటికీ కారణం ఒక్కటే అనడం సరికాదు. కానీ ప్రతిదానిలోనూ వాతావరణం తన పాత్ర పోషించింది. 44.5 కోట్ల ఏళ్ల కిందట, ఆర్డోవిసియన్ చివర, భూమి చల్లబడి దక్షిణ ధ్రువం మీద మంచు పేరుకుంది. సముద్రమట్టం పదుల మీటర్లు దిగి, లోతు తక్కువ తీరజలాల్లో బతికే జీవులకు నిలువ నీడ లేకుండా పోయింది. 37.2 కోట్ల ఏళ్ల కిందట డెవోనియన్ చివర సముద్రాల్లో ఆక్సిజన్ పడిపోయింది. 20.1 కోట్ల ఏళ్ల కిందట అట్లాంటిక్ మహాసముద్రం తెరుచుకునే ముందు మరో లావా ఉప్పెన వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్రయాసిక్ ముగిసింది, డైనోసార్ల ఏలుబడికి దారి పడింది.

ఐదోది, 6.6 కోట్ల ఏళ్ల కిందటిది, అందరికీ తెలిసినది. మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర గ్రహశకలం పడింది. అదే సమయంలో మన దక్కన్‌లోనూ లావా పొంగుతోంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది ఆ లావాయే. రాజమండ్రి దగ్గర కాటేరు, గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా అదే. పశ్చిమ కనుమల ప్రాంతంలో పుట్టిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని చాలామంది భూవిజ్ఞానుల అంచనా. లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిలో సూక్ష్మ సముద్రజీవుల పెంకులున్నాయి. వాటిని చదివి గెర్టా కెల్లర్ బృందం ఆ పొర మహావినాశనం తర్వాత కొద్దికాలానికే ఏర్పడిందని చెప్పింది. డైనోసార్ల చావులో దక్కన్ వాటా ఎంత అన్న వాదానికి మన రాజమండ్రి రాయి ఇలా ఒక సాక్షి.

ఆ వాదంలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. గ్రహశకలం పడక ముందే దక్కన్ వాయువుల వల్ల భూమి సుమారు రెండు డిగ్రీలు వేడెక్కి, తిరిగి చల్లబడింది. ఆ సమయంలో సముద్రంలో పెద్ద వినాశనం ఏదీ జరగలేదని 2020లో పిన్సెల్లి హల్ బృందం చూపింది. దక్కన్ లావా సైబీరియా లావా అంత కాకపోయినా చాలా పెద్దదే. మరి ఫలితం ఎందుకు వేరైంది? కారణాలు రెండు చెప్పుకోవచ్చు. దక్కన్ శిలాద్రవం చాలావరకు పురాతనమైన గట్టి రాతిగుండా పైకి వచ్చింది. సైబీరియాలోలాగ బొగ్గు, చమురు, ఉప్పు పొరలు దాని దారిలో అంతగా లేవు. రెండోది, దక్కన్‌లో వాయువులు నెమ్మదిగా విడుదలయ్యాయి. సముద్రానికీ నేలకూ సర్దుకునే వ్యవధి దొరికింది.

వేగమే అసలు సంగతి

భూమికి తన వేడిని తానే సర్దుకునే ఏర్పాటు ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి, వానలు పెరుగుతాయి. వాననీటిలోని ఆమ్లం రాళ్లను కరిగిస్తుంది. కరిగిన ఖనిజాలు నదులవెంట సముద్రం చేరి, కర్బనాన్ని పట్టుకుని సున్నపురాయిగా అడుగున చేరుతాయి. ఈ పని నిరంతరం జరుగుతూనే ఉంటుంది, కానీ దానికి లక్షల ఏళ్లు కావాలి. చెరువుకు తూము ఉన్నా, వాగు ఒక్కరాత్రిలో పొంగివస్తే కట్ట తెగుతుంది. చెరువులో మొత్తం ఎన్ని నీళ్లు పట్టేవి అన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

అందుకే గతాన్ని వర్తమానంతో పోల్చేటప్పుడు మొత్తాన్నీ వేగాన్నీ విడివిడిగా చూడాలి. పర్మియన్ చివర వేల ఏళ్లలో వెలువడిన కర్బనం పదుల లక్షల కోట్ల టన్నులని అంచనాలున్నాయి. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి మనం బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి, అడవులు నరికి విడుదల చేసింది సుమారు 70 వేల కోట్ల టన్నులు. మొత్తం చూస్తే పదో వంతుకు చాలా లోపే.

వేగం సంగతి వేరు. 5.6 కోట్ల ఏళ్ల కిందట మరోసారి భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కింది. సముద్రం అడుగున బతికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల జాతులు అప్పుడు పెద్దసంఖ్యలో అంతరించాయి. ఆ సందర్భంలో కర్బనం ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల చొప్పున, నాలుగు వేల ఏళ్లపాటు వెలువడిందని రిచర్డ్ జీబీ బృందం 2016లో లెక్కగట్టింది. డైనోసార్ల తర్వాతి 6.6 కోట్ల ఏళ్లలో మనకు తెలిసినంతవరకు అదే పెద్ద విడుదల. ఇప్పుడు మనం ఏటా విడుదల చేస్తున్న కర్బనం దాదాపు 1,000 కోట్ల టన్నులు, అంటే పది రెట్లు. పర్మియన్ విడుదల వేగం కూడా సగటున ఇప్పటికంటే తక్కువేనని అంచనాలు చెబుతున్నాయి. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఇప్పుడు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు మనం వదిలేది ఎన్నో పదుల రెట్లు.

ఆనాటి గుర్తులు ఇప్పుడు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 280 పాళ్ల నుంచి 420 దాటింది. అందులో కార్బన్-13 వాటా తగ్గుతూ వస్తోంది, బొగ్గూ చమురూ మండుతున్నాయనడానికి మెయ్‌షాన్ రాతిలో చదివిన సంతకమే ఇది. సముద్రపు నీటి ఆమ్లగుణం సుమారు 30 శాతం పెరిగింది. 1960 తర్వాత సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు రెండు శాతం కోల్పోయాయి. మన బంగాళాఖాతంలో వంద మీటర్ల లోతు దాటాక ఆక్సిజన్ ఇప్పటికే లేశమాత్రంగా మిగిలిన పొర ఒకటి ఉంది. అది ఇంకాస్త తగ్గితే ఆ పొరలోని సూక్ష్మజీవుల పనితీరే మారిపోతుందని శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయన్న ప్రకటన వెలువడింది. అలా ప్రకటించడం ఇది నాలుగోసారి. పర్మియన్ పగడాలు అంతరించిన తర్వాత ట్రయాసిక్‌లో కొత్తగా పుట్టిన వంశమే ఈ పగడాలది.

ఇంకా మన చేతిలో ఉన్నది

మనం ఆరో మహావినాశనంలో ఉన్నామని కొందరు అంటారు. గత కొన్ని శతాబ్దాల్లో జాతులు అంతరిస్తున్న వేగం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది నిజం. అయితే ఐదు మహావినాశనాల్లోలాగ నాలుగింట మూడు వంతుల జాతులు ఇంకా పోలేదు. ఇప్పటిదాకా పోయినవాటిలో ఎక్కువ అడవుల నరికివేత, వేట, బయటి నుంచి తెచ్చిపెట్టిన జీవుల వల్ల పోయాయి. వాతావరణ మార్పు ఆ జాబితాలో ఇప్పుడే చేరుతోంది. ఆస్ట్రేలియా ఉత్తరాన బ్రాంబుల్ కే అనే చిన్న దీవిలో మాత్రమే బతికిన ఎలుక జాతి, పెరిగిన సముద్రపు నీళ్లు దాని నివాసాన్ని ముంచెత్తడంతో పోయింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో దాన్ని అంతరించిన జాతిగా ప్రకటించింది. మనిషి తెచ్చిన వాతావరణ మార్పు వల్ల అంతరించిన తొలి క్షీరదంగా దాన్ని చెబుతున్నారు.

ఇప్పటి జీవులకు పర్మియన్ జీవులకు లేని ఒక కష్టం కూడా ఉంది. ఆనాడు వేడి పెరిగితే కొన్నయినా చల్లటి చోటికి జరిగాయి. ఇప్పుడు జరగాలనుకున్న జంతువు దారికి అడ్డంగా పొలాలు, రహదార్లు, నగరాలు ఉన్నాయి. అడవులు దీవుల్లా ముక్కలై ఉన్నాయి. అందుకే అడవికీ అడవికీ మధ్య దారులు కాపాడటం, చిత్తడి నేలలూ మడ అడవులూ నిలబెట్టడం వాతావరణ పోరాటంలో భాగమే.

పర్మియన్ పాఠాన్ని నిరాశకు కారణంగా వాడుకోవడం దాన్ని తప్పుగా చదవడమే. శిలాద్రవం బొగ్గు పొరల్లోకి పాకుతుంటే ఆపగలిగేవారు ఆనాడు ఎవరూ లేరు. ఈనాడు బొగ్గును ఎంత తవ్వాలో, ఎంత కాల్చాలో నిర్ణయించేది మనుషులు. వాళ్లు ఎన్నుకున్న ప్రభుత్వాలు, కట్టుకున్న విద్యుత్ కేంద్రాలు, రాసుకున్న ఒప్పందాలు. పెన్, డాయిచ్ 2022లో తమ నమూనాను భవిష్యత్తుకు అన్వయించారు. విడుదలలు ఇలాగే పెరుగుతూ పోతే 2300 నాటికి సముద్రాల్లో జరిగే నష్టం గతంలోని మహావినాశనాలతో పోల్చదగిన స్థాయికి చేరవచ్చని తేలింది. విడుదలలను గట్టిగా తగ్గిస్తే ఆ ముప్పు 70 శాతానికి పైగా తగ్గుతుందనీ అదే అధ్యయనం చూపింది. భూగర్భ చరిత్రలో ఏ వినాశనానికీ ఇలాంటి లెక్క ముందుగా ఎవరూ వేసిపెట్టలేదు.

బొగ్గు మీద బతుకుతున్న లక్షల కుటుంబాలకు రేపటి జీవనాధారం చూపకుండా ఈ మార్పు న్యాయంగా జరగదు. వాళ్ల శ్రమతోనే మన ఇళ్లలో దీపాలు వెలిగాయి. వారికి కొత్త పనులు, శిక్షణ, భద్రత కల్పించడం సమాజం తీర్చాల్సిన బాకీ. సౌర, పవన విద్యుత్తు ఇప్పుడు కొత్తగా కట్టే బొగ్గు కేంద్రాల కరెంటు కంటే చాలాచోట్ల చౌక, కాబట్టి దారి మూసుకుపోలేదు. మొత్తంలో మనం పర్మియన్‌కు ఇంకా చాలా దూరంలో ఉన్నాం, వేగంలో దాన్ని దాటిపోయాం. మొత్తం చిన్నదిగా ఉండగానే వేగాన్ని తగ్గించుకోవాలి. గోదావరి లోయ నుంచి సైబీరియా దాకా రాళ్లు ఇచ్చే సలహా ఇదొక్కటే. దాన్ని పాటించడానికి కావలసిన జ్ఞానమూ సాధనాలూ ఈ తరం దగ్గర ఉన్నాయి.